కన్యాశుల్కం మీద వ్యాసం రాయమంటే

కన్యాశుల్కం నాటకం మీద రెండు మూడు పేజీల వ్యాసం రాసుకు రమ్మన్నారని పిల్లలు చెప్పగానే చాలా ఇళ్లలో మొదట జరిగే పని ఫోను తీయడం. నిమిషంలో వ్యాసం తయారుగా దొరుకుతుంది. మహాకవి గురజాడ 1862లో పుట్టారు, ఈ నాటకం తెలుగు సాహిత్యంలో మణిపూస, ఇందులో హాస్యముంది, వ్యంగ్యముంది, సంఘసంస్కరణ ఉంది, పాత్రలు నేటికీ మన మధ్య తిరుగుతూనే ఉన్నాయి. అమ్మాయి దాన్ని గుండ్రటి అక్షరాలతో ఎత్తి రాస్తుంది. శీర్షిక కింద రంగు గీత గీస్తుంది, పక్కన తలపాగాతో గురజాడ బొమ్మ అంటిస్తుంది. రాసిన వాక్యాల్లో అబద్ధం ఒక్కటీ ఉండదు. కానీ ఆ అమ్మాయికి గిరీశం ఎవరో తెలియదు, మధురవాణి గొంతు ఎలా ఉంటుందో తెలియదు, బుచ్చమ్మ ఎందుకు ఇల్లు వదిలి వెళ్లిందో తెలియదు.

తెలుగు పాఠాలు చెప్పే మనిషిగా ఇలాంటి వ్యాసాలు కట్టలు కట్టలుగా చదివాను. పిల్లల మీద నాకు కోపం లేదు. నాటకం వాళ్ల దాకా చేరలేదు, అంతే. పాఠ్యపుస్తకంలో నాలుగు పేజీల ముక్క ఉంటుంది. దాని వెనక పదాల అర్థాలు, ప్రశ్నలు, జవాబులు. బడికున్న సమయం అంతే. మిగిలిన నాటకం పిల్లలకు చేరాలంటే ఇంట్లోనే చేరాలి. అందుకే తల్లిదండ్రులతో నాలుగు మాటలు చెప్పుకోవాలనిపించింది.

మీరు గమనించారో లేదో, ఈ నాటకంలోనే మన పరిస్థితికి సరిపోయే సన్నివేశం ఒకటుంది. వెంకటేశం పరీక్ష తప్పాడు. ఆ సంగతి తండ్రి అగ్నిహోత్రావధాన్లకు తెలిస్తే ఏమవుతుందోనని వణికిపోతున్నాడు. ఊళ్లో అప్పులు ముంచుకొచ్చిన గిరీశం, సెలవుల్లో చదువు చెబుతానంటూ అతని వెంట కృష్ణరాయపురం అగ్రహారం చేరతాడు. అక్కడ తల్లి వెంకమ్మకు కొడుకు ఇంగ్లీషు మాట్లాడితే వినాలని కోరిక. గురుశిష్యులిద్దరూ ఎదురెదురుగా నిలబడి పిల్లల పద్యాల ముక్కలూ, రేఖాగణితం పుస్తకంలోని వాక్యాలూ, నోటికొచ్చిన ఇంగ్లీషు మాటలూ ఒకరి మీద ఒకరు విసురుకుంటారు. ఆ మాటలకు ముందూ వెనకా ఏమీ లేదు. ఆ తల్లి మాత్రం పొంగిపోతుంది. ప్రేక్షకులు పడీ పడీ నవ్వుతారు. నాకు నవ్వుతోపాటు వెంకమ్మ మీద జాలి కూడా కలుగుతుంది. కొడుకు బాగుపడాలన్న ఆశ తప్ప ఆ తల్లి మనసులో మరేమీ లేదు. ఆ ఆశనే గిరీశం వాడుకున్నాడు.

గురజాడ విజయనగరం మహారాజా కళాశాలలో చదివి, అక్కడే పాఠాలు చెప్పిన మనిషి. అర్థం లేని చదువు ఎలా వినిపిస్తుందో ఆయనకు తరగతి గదిలోనే తెలిసి ఉంటుందని నా నమ్మకం. అంత నిండుగా ధ్వనించే వట్టి మాటల గురించి రాసిన నాటకం మీద మన పిల్లలు వట్టి మాటలతో వ్యాసం రాయడం నాకు నిజంగా బాధగా ఉంటుంది. మీ అబ్బాయి వ్యాసంలో వాక్యాలు తడబడినా ఫరవాలేదు. అవి తను చదివి, తను విని, తను ఆలోచించిన వాక్యాలై ఉండాలి. మీ సాయమంతా అక్కడ కావాలి.

మొదట నాటకం ఇంట్లోకి తెచ్చుకోండి. పాత పుస్తకాల దుకాణంలో దొరికినా, గ్రంథాలయంలో దొరికినా మంచిదే. కొనేటప్పుడు ఒక్కటి చూసుకోవాలి. కన్యాశుల్కాలు రెండున్నాయి. 1892లో విజయనగరంలో మొదటిసారి ఆడి, 1897లో అచ్చయినది ఒకటి. గురజాడ దాన్నే బాగా పెంచి, చాలావరకు తిరగరాసి 1909లో అచ్చువేయించినది రెండోది. అందరూ చదివేది, ఆడేది, పాఠాల్లో వచ్చేది ఈ రెండోదే. ఇందులో ఏడు అంకాలుంటాయి. పిల్లలు ఒక చోట చదివింది మరో చోట కనిపించక తికమకపడడానికి కొన్నిసార్లు కారణం ఇదే.

ఏడు అంకాలంటే భయపడనక్కర్లేదు. వ్యాసానికి నాలుగైదు వారాల గడువుంటే రాత్రి భోజనాలయ్యాక అరగంట చొప్పున హాయిగా అయిపోతుంది. గడువు తక్కువైతే మొదటి రెండు అంకాలూ, చివరి అంకమూ మాత్రం వదలకండి. మధ్యలో కథ మీరు నోటితో చెప్పొచ్చు. అయితే కళ్లతో చదివించకండి. పైకి చదివించండి. నాన్న రామప్ప పంతులు, అమ్మ మధురవాణి, తాతయ్య లుబ్ధావధాన్లు, పిల్లవాడు గిరీశం. చదివేటప్పుడు సిగ్గుపడకండి. మీరు మొహమాటపడితే పిల్లలు ఇంకా ముడుచుకుపోతారు.

పైకి చదవమనడానికి పెద్ద కారణముంది. ఈ నాటకంలో ఒకరి తెలుగు మరొకరి తెలుగులా ఉండదు. అగ్నిహోత్రావధాన్లు మాట్లాడే అగ్రహారపు భాష వేరు, లుబ్ధావధాన్ల ఇంట్లో పనిచేసే అసిరిగాడి భాష వేరు. గిరీశం నోట తెలుగూ ఇంగ్లీషూ పెనవేసుకుపోతాయి. మధురవాణి ఎదుటి మనిషిని బట్టి మాట తీరు మార్చుకుంటుంది. నూరేళ్ల పైబడిన ఉత్తరాంధ్ర వాడుక భాష ఇది. కళ్లతో చదివితే నల్గొండ పిల్లవాడికీ, అనంతపురం అమ్మాయికీ మొదటి పేజీలోనే అడ్డం పడుతుంది. చెవితో వింటే సగం దానంతటదే తెలిసిపోతుంది. మీ ఇంట్లో విజయనగరం, శ్రీకాకుళం వైపు పెద్దవాళ్లెవరైనా ఉంటే వాళ్ల చేత రెండు పేజీలు చదివించుకోండి. అంతకు మించిన టీకా తాత్పర్యం దొరకదు.

చూడగలిగితే ఇంకా మంచిది. విజయనగరానికి చెందిన జె.వి. సోమయాజులు, జె.వి. రమణమూర్తి అన్నదమ్ములు ఏళ్ల తరబడి ఈ నాటకాన్ని ఊరూరా ఆడారు. సోమయాజులుగారు రామప్ప పంతులు, రమణమూర్తిగారు గిరీశం. ఆ ప్రదర్శనలు చూసినవాళ్లు మీ బంధువుల్లో ఉంటే పిల్లల్ని వాళ్ల దగ్గర కూర్చోబెట్టండి. 1955లో పి. పుల్లయ్య దర్శకత్వంలో వచ్చిన సినిమా అందరికీ తెలిసిందే. ఎన్టీ రామారావు గిరీశం, సావిత్రి మధురవాణి. తప్పకుండా చూపించండి, కానీ నాటకం చదివాకే చూపించండి. సినిమా కోసం కథను కుదించారు, మార్చారు. సినిమా మాత్రమే చూసి నాటకం మీద రాసిన వ్యాసాన్ని టీచర్లు రెండు వాక్యాల్లోనే పట్టేస్తారు. చదివాక చూస్తే మాత్రం పిల్లలకు మంచి ప్రశ్నలు పుడతాయి. ఈ సన్నివేశం ఎందుకు తీసేశారు? ఇక్కడ ఎందుకు మార్చారు? అందులోనే ఒక వ్యాసముంది.

దేశం వదిలి దూరంగా ఉన్న కుటుంబాలకు ఒక్క మాట. మీ పిల్లలకు తెలుగు లిపి సరిగా రాకపోతే నాటకాన్ని వదిలేయకండి. వెల్చేరు నారాయణరావుగారు చేసిన ఇంగ్లీషు అనువాదం ‘గర్ల్స్ ఫర్ సేల్’ పేరుతో 2007లో వచ్చింది. పిల్లలు అది చేతిలో పెట్టుకుని, మీరు తెలుగులో చదువుతుంటే వినొచ్చు. బడిలో షేక్‌స్పియర్ నాటకం మీద వ్యాసాలు రాసి అలవాటున్న పిల్లలు వాళ్లు. నాటకాన్ని ఎలా విప్పి చూడాలో వాళ్లకు తెలుసు. ఆ పనితనాన్నే దీని మీద పెట్టమనండి.

ఇక అసలు కష్టం దగ్గరికొద్దాం. చాలామంది తల్లిదండ్రులు ఈ నాటకాన్ని పిల్లలతో కలిసి చదవడానికి జంకుతారు. మధురవాణి వేశ్య. లుబ్ధావధాన్ల కూతురు మీనాక్షి చిన్ననాడే భర్త పోయిన మనిషి, ఆమె నిస్సహాయతను రామప్ప పంతులు వాడుకుంటాడు. సంభాషణల్లో తిట్లున్నాయి, ఆడవాళ్లను కించపరిచే మాటలు అడుగడుగునా ఉన్నాయి. పద్నాలుగేళ్ల పిల్లతో ఇవెలా మాట్లాడాలి?

సూటిగా మాట్లాడండి. ఆ వయసు పిల్లలకు మనం అనుకున్నదానికంటే ఎక్కువే తెలుసు. తెలియనిదల్లా దాన్ని పెద్దవాళ్లతో మాట్లాడవచ్చన్న సంగతే. మధురవాణి ఎవరని అడిగితే, ఆ రోజుల్లో కొన్ని కులాల ఆడపిల్లలను పెళ్లికి దూరంగా ఉంచి, ఆటపాటలు నేర్పి, డబ్బున్న మగవాళ్ల ప్రాపకంలో బతకాల్సిన స్థితిలో ఉంచేవారని చెప్పండి. తిట్లు వచ్చినప్పుడు దాటేయకుండా చదివి, ఆ తిట్టు ఎవరు ఎవర్ని తిడుతున్నారో చూడమనండి. అగ్నిహోత్రావధాన్లు భార్యను ఎలా పిలుస్తాడో, సొంత కూతుర్ని ఎలా పిలుస్తాడో పిల్లలు వింటే ఆ ఇంటి సంగతి మీరు విడిగా వివరించాల్సిన పనే ఉండదు. ఇబ్బందిగా ఉంది కదా అని ఆ పేజీలు తిప్పేస్తే, పిల్లల వ్యాసంలో మిగిలేది గిరీశం జోకులే.

ఆడపిల్లల వయసు గురించి తప్పకుండా చెప్పండి. గురజాడ మొదటి కూర్పుకు ఇంగ్లీషులో ముందుమాట రాశారు. అందులో ఒక లెక్క ఇచ్చారు. విజయనగరం మహారాజు ఆనంద గజపతి విశాఖపట్నం జిల్లాలో మూడేళ్ల కాలంలో బ్రాహ్మణ కుటుంబాల్లో జరిగిన శుల్క వివాహాల జాబితా ఒకటి తయారు చేయించారు. డబ్బు పుచ్చుకున్నామని ఒప్పుకోవడానికి జనం జంకుతారు కాబట్టి ఆ జాబితా పూర్తిది కాదని గురజాడే అన్నారు. అయినా లెక్కకొచ్చినవి 1,034. వాళ్లలో 99 మంది అయిదేళ్ల పిల్లలు. ముగ్గురికి వయసు ఏడాది. ఈ ఒక్క సంగతి తెలిశాక నాటకంలోని నవ్వు పిల్లలకు వేరేగా వినిపిస్తుంది. మీ ఇంట్లో అయిదేళ్ల పిల్ల ఉంటే, ఆ సంఖ్య చదివేటప్పుడు మీ అబ్బాయి కళ్లు అటు తిరుగుతాయి.

ఇంకో పొరపాటు దాదాపు ప్రతి తరగతిలోనూ కనిపిస్తుంది. పిల్లలు కన్యాశుల్కాన్ని కట్నం అనుకుంటారు. వాళ్లకు తెలిసిందల్లా పెళ్లికూతురి తండ్రి డబ్బివ్వడమే. ఇక్కడ డబ్బు ఎదురు దిక్కున నడుస్తుంది. ముసలి పెళ్లికొడుకు ఇస్తాడు, పిల్ల తండ్రి పుచ్చుకుంటాడు. అగ్నిహోత్రావధాన్లు చిన్నకూతురు సుబ్బిని ముసలి లుబ్ధావధాన్లకు పద్దెనిమిది వందల రూపాయలకు ఇవ్వడానికి సిద్ధపడతాడు. పెద్దకూతురు బుచ్చమ్మ బతుకు అప్పటికే అలాగే తెల్లారిపోయి, భర్త పోయి పుట్టింట్లో ఉంటోంది. అది కళ్లెదుట కనిపిస్తూనే ఉన్నా తండ్రి రెండోదాన్నీ అదే దారిన పంపుతాడు. తల్లి వెంకమ్మ నూతిలో దూకుతుంది. అప్పుడు ఆమె తమ్ముడు కరటకశాస్త్రి పథకం వేస్తాడు. తన శిష్యుడు మహేశానికి ఆడపిల్ల వేషం వేసి, పన్నెండు వందలకే లుబ్ధావధాన్లకు కట్టబెడతాడు. నాటకం నడకంతా ఈ బేరం మీదే సాగుతుంది. డబ్బు ఎటు నుంచి ఎటు పోతోందో తెలియని పిల్లలకు కథ తలకిందులుగా అర్థమవుతుంది. కట్నంతో పోలిక తెస్తే తేవచ్చు, అది చాలా మంచి అంశం కూడా. ముందు తేడా తెలిసి ఉండాలి.

చదవడం అయ్యాక పిల్లలు అడిగేది, “ఇప్పుడు ఏం రాయాలి?” అనే. మొత్తం నాటకం గురించి రాయమనకండి. రెండు మూడు పేజీల్లో అది కుదరదు. మొత్తం గురించి రాయాలని చూసినప్పుడే ‘హాస్యముంది, వ్యంగ్యముంది’ లాంటి వాక్యాలు పుట్టుకొస్తాయి. ఒక సన్నివేశం ఎంచుకోమనండి, లేదా ఒకే ఒక ప్రశ్న. నాకు నచ్చిన ప్రశ్నలు కొన్ని ఇక్కడ చెబుతాను. ఇవి మీ పిల్లల చేతికివ్వడానికి చెప్పడం లేదు. ఎలాంటి ప్రశ్న పిల్లల్ని ఆలోచనలోకి దింపుతుందో మీకు తెలియడానికి.

సుబ్బి నాటకంలో ఎన్నిసార్లు కనిపిస్తుంది? ఎన్ని మాటలు మాట్లాడుతుంది? పిల్లల్ని పుస్తకం ముందేసుకుని వెతకమనండి. ఆ పిల్ల పెళ్లి చుట్టూ ఏడు అంకాలు తిరుగుతాయి. తల్లి ప్రాణం మీదికి తెచ్చుకుంటుంది, మేనమామ వేషాలు కట్టిస్తాడు, పెద్దమనుషులు బేరాలాడతారు, చివరికి హత్యానేరం దాకా పోతుంది. ఆ పిల్ల గొంతు మాత్రం మనకు దాదాపు వినిపించదు. నీ ఇష్టమేమిటని సుబ్బిని అడిగినవాళ్లు ఎవరైనా ఉన్నారా అని మీ అమ్మాయి వెతుక్కుంటూ పోతే, ఆ వ్యాసం మహాపండితుల వ్యాసాల కంటే నాకు ఎక్కువ ప్రియం.

గిరీశం గురించి రాయాలనుకునే పిల్లలే ఎక్కువ. రాయనివ్వండి. కానీ దుర్మార్గుడు అని ఒక్క మాటలో తేల్చేస్తే ఆపండి. బుచ్చమ్మ ముందు గిరీశం వితంతు వివాహం గురించి చెప్పే మాటలు వినడానికి సరైనవే. కందుకూరి వీరేశలింగం 1881లో రాజమండ్రిలో వితంతు వివాహం జరిపించి, ఎన్ని వెలివేతలకు ఓర్చి నిలబడ్డారో ఆ కాలం వాళ్లకు బాగా తెలుసు. అదే ఆశయాన్ని గిరీశం బుచ్చమ్మను లేవదీసుకుపోవడానికి వాడుకుంటాడు. మంచి మాట చెడ్డ మనిషి నోట పలికితే ఆ మాట ఏమవుతుంది? బుచ్చమ్మకు మాత్రం ఆ ఇంట్లోంచి బయటపడే దారి ఇంకేముంది? ఇంట్లో ఈ ప్రశ్న పెడితే నాన్నా కూతురూ చెరో పక్షం తీసుకుంటారు. తీసుకోనివ్వండి. ఆ వాదనలోంచి వ్యాసం పుడుతుంది.

చివరి అంకంలో సౌజన్యారావు పంతులు, మధురవాణి ఎదురుపడే ఘట్టం నాకు నాటకం మొత్తంలో అన్నిటికన్నా ఇష్టమైనది. సౌజన్యారావు విశాఖపట్నంలో వకీలు, నిజాయితీపరుడు, సంస్కర్త. వేశ్యల ముఖం చూడనన్న నియమం ఉన్నవాడు. లుబ్ధావధాన్లను హత్యానేరం నుంచి బయటపడేయాలని ఆయన తాపత్రయం. బయటపడేసే ఆధారం మాత్రం మధురవాణి దగ్గరుంది. మగవేషంలో ఆయన ఇంటికొచ్చి మాట్లాడుతుంది. తానెవరో తెలిశాక ఆయన నియమం, ఆమె మంచితనం ఎదురెదురుగా నిలబడతాయి. ఆమె ఆయన్ను ఓడించగలిగిన చోట కూడా ఓడించదు. ఈ ఇద్దరిలో ఎవరు పెద్దవాళ్లు? ఎవరిని ఎవరు సంస్కరించారు? మన పిల్లలు వ్యాసంలో ‘సౌజన్యారావు ఆదర్శ పాత్ర’ అని రాసి ముందుకెళ్లిపోతారు. ఆదర్శం ఉన్నవాడు సాటి మనిషిని ముఖం చూడదగినవాళ్లు, చూడకూడనివాళ్లు అని విడదీయడం న్యాయమేనా అని అడిగి చూడండి. ఒక్కసారి ఆగితే పిల్లలకు తామే గొప్ప సంగతి కనిపెట్టినట్టుంటుంది. నిజంగానే కనిపెట్టినట్టు.

ఇది నాటకమన్న సంగతి పిల్లలు మరిచిపోకుండా చూడండి. పరీక్షల అలవాటు వల్ల వాళ్లు దీన్ని కథలా తిరిగి చెప్పేస్తారు. రంగస్థలం మీద ఏం జరుగుతోందో అడగండి. మొదటి అంకంలో మధురవాణి ఇంటికి గిరీశం రాగానే రామప్ప పంతులు మంచం కింద దూరతాడు. తర్వాత పూటకూళ్లమ్మ వస్తుంది. అప్పుడు మంచం కింద ఎవరున్నారో ప్రేక్షకులకు తెలుసు. గదిలో ఎవరికి తెలుసు, ఎవరికి తెలియదు? ఆ తేడాలోంచే నవ్వు వస్తోంది. మగపిల్లవాడు పెళ్లికూతురిగా, మధురవాణి మగవాడిగా వేషం వేయడం చూస్తున్నాం కదా, వేషం వేసుకోకుండానే వేషాలు వేస్తున్నవాళ్లు ఎవరెవరు? ఇలా చూపు మరిలితే వ్యాసంలో సారాంశం తగ్గి పరిశీలన పెరుగుతుంది. ఇంట్లో నిజంగా ఒక మంచం దగ్గర ఆ సన్నివేశం ఆడి చూడండి. పిల్లలు ఒక్కసారి మంచం కింద దూరి వస్తే చాలు, ఆ ఘట్టం గురించి ఎవరూ చెప్పక్కర్లేదు.

రాయడానికి కూర్చున్నప్పుడు గురజాడ జీవితచరిత్రతో మొదలుపెట్టనివ్వకండి. పుట్టిన ఊరు, తల్లిదండ్రుల పేర్లు, 1915లో మరణం, ఇవన్నీ రాసేసరికి ఒక పేజీ నిండి, చేతికి అలసట వచ్చి, నాటకం దగ్గరికొచ్చేసరికి ఓపిక అయిపోతుంది. ఎంచుకున్న సన్నివేశం మధ్యలోంచే మొదలుపెట్టమనండి. గురజాడ గురించి రాయాల్సింది ఆ ప్రశ్నకు అవసరమైనంత మేరకే. భాష గురించి రాస్తుంటే, తెలుగు నాటకానికి పనికిరాదన్న అపోహను పోగొట్టడం కూడా తన ఉద్దేశమని ఆయన ముందుమాటలో చెప్పిన సంగతి అక్కడ పనికొస్తుంది. సుబ్బి గురించి రాస్తుంటే మహారాజు చేయించిన జాబితా పనికొస్తుంది. ఎక్కడ ఏది అతుకుతుందో పిల్లలే చూసుకోవాలి.

రాసి తెచ్చి చూపించాక మీకు కలం తీసుకోవాలనిపిస్తుంది. తీసుకోకండి. ‘గిరీశం భలే తెలివైనోడు గానీ ఆ తెలివి వల్ల ఎవరికీ మేలు జరగలేదు’ అని మీ అబ్బాయి రాస్తే, దాన్ని ‘గిరీశం పాత్ర ద్వారా రచయిత స్వార్థపూరిత మేధస్సు యొక్క నిరర్థకతను ఆవిష్కరించారు’ అని మార్చకండి. మొదటి వాక్యం బతికి ఉంది. వాడుక భాష కోసం తన స్నేహితుడు గిడుగు రామమూర్తితో కలిసి పోరాడిన మనిషి నాటకం మీద, పిల్లవాడి వాడుక మాటను గ్రాంథికంలోకి తోయడం భావ్యం కాదు. నాటకంలోంచి తీసుకున్న మాటలను కూడా దిద్దకూడదు. అసిరిగాడు ఎలా అన్నాడో అలాగే, ఉన్న అక్షరాలు ఉన్నట్టుగా, కొటేషన్ గుర్తుల మధ్య రాయాలి. పక్కన అంకం సంఖ్య వేయాలి. ఈ ఒక్క అలవాటు ఇప్పుడు పట్టుబడితే కాలేజీలో చాలా పనికొస్తుంది.

మీరు చేయాల్సిన పని ఒకటుంది. వ్యాసం చదువుతూ, పొగడ్తలాంటి వాక్యం తగిలిన ప్రతిచోటా ఆగి, “ఇది నాటకంలో ఎక్కడుంది, చూపించు” అనండి. గదమాయింపుగా కాదు, నిజంగా చూడాలన్న కుతూహలంతో అడగండి. చూపిస్తే ఆ చోటు వ్యాసంలోకి రావాలి. చూపించలేకపోతే ఆ వాక్యాన్ని పిల్లలే కొట్టేస్తారు. ‘సజీవ పాత్రలు’, ‘అజరామర కళాఖండం’ లాంటివి ఇలా రెండు రోజుల్లో రాలిపోతాయి. వాక్యదోషాలు, ఒత్తులు, దీర్ఘాలు చివరి రోజున చూసుకోవచ్చు. మొదటి రోజే ఎర్రగీతలు పడితే పిల్లలు తప్పుల్లేని చిన్న చిన్న మాటల్లోకి ముడుచుకుపోతారు.

ఫోనులోని వ్యాసం సంగతి. దాన్ని చూడొద్దని కట్టడి చేస్తే దొంగచాటుగా చూస్తారు. తమ వ్యాసం పూర్తయ్యాక దాన్ని తెరిచి, పక్కపక్కన పెట్టి చదవమనండి. అందులో పాత్రల పేర్లు తప్పులు పడి ఉండొచ్చు, జరగని సంఘటనలు జరిగినట్టు ఉండొచ్చు. నాటకం చదివిన పిల్లలు వాటిని చటుక్కున పట్టుకుంటారు. పట్టుకున్నప్పుడు వాళ్ల ముఖంలో వచ్చే వెలుగు చూడాలి. మరోసారి ఎత్తి రాయమని మీరు బతిమాలినా రాయరు.

మార్కుల గురించి కూడా చెప్పాలి. అలవాటైన మూసలో లేని వ్యాసానికి ఒక్కోసారి తక్కువ మార్కులు పడతాయి. కవి పరిచయం లేదని, ఉపసంహారం లేదని తగ్గించేవాళ్లున్నారు. పరీక్షలో మూస కావాలంటే ఆ మూసా నేర్పండి, అందులో తప్పేమీ లేదు. కవి పరిచయం నాలుగు వాక్యాల్లో ముగించడం, మిగిలిన చోటంతా తన మాటకు దాచుకోవడం పిల్లలు సులువుగానే నేర్చుకుంటారు. టీచరుగారి అభిప్రాయం వేరేగా ఉండి, మధురవాణి గురించి మీ అమ్మాయి రాసింది ఆవిడకు నచ్చకపోతే, బడికెళ్లి గొడవపడకండి. పుస్తకం తీసుకెళ్లి, ఏడో అంకంలో ఆ చోటు చూపించి, “మేడం, నాకిలా అనిపించింది, మీరేమంటారు?” అని అమ్మాయినే అడగమనండి. నాకు తెలిసినంతలో, పుస్తకంలో వేలు పెట్టి అడిగిన పిల్లను ఏ టీచరూ విసుక్కోదు.